అందరికీ ఉపవాసమే

మా డ్రిల్లు టీచరుగారు హైదరాబాదులో పది రోజుల ట్రైనింగుకి వెళ్ళి రెండు వస్తువులు తెచ్చారు. ఒకటి మెడలో వేలాడే కొత్త విజిలు. రెండోది టీమ్ స్పిరిట్. విజిలు కనబడేది, ఊరంతా వినబడేది కూడా. రెండోది ఏమిటో మాకెవరికీ అంతుబట్టలేదు. అడిగితే, "కలిసి ఉండటమర్రా, కలిసి పని చెయ్యటం, కలిసి తినటం! ఆడపిల్లలకి ఇది చిన్నప్పట్నించే అలవాటు కావాలి" అనేవారు. అరవై మందిమి ఒకే గదిలో, బెంచీకి అయిదుగురం చొప్పున ఇరుక్కుని, ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో పొడుచుకుంటూ కూర్చునేవాళ్ళం. ఇంతకంటే కలిసి ఎలా ఉండాలా అని బుర్ర గోక్కున్నాం.

ఇది డెబ్బైల నాటి మాట. గవర్నర్‌పేటలో ఆడపిల్లల హైస్కూలు, నేను తొమ్మిదో తరగతి. మంగళగిరి అవతల స్కూలు కమిటీ వారి బంధువులకి ఒక మామిడితోట ఉండేది. టీమ్ స్పిరిట్ నేర్పడానికి అక్కడ క్యాంపు అన్నారు టీచరుగారు. శుక్రవారం పొద్దున అక్కడికి వెళ్ళి, డేరాల్లో ఒక రాత్రి ఉండి, శనివారం పొద్దున తిరిగి రావాలి. ఆరుగురేసి ఒక జట్టు, జట్టుకొక పువ్వు పేరు. సాయంత్రం ఏ జట్టు వంట ఆ జట్టే చేసుకుని, అందరూ ఒకచోట కూర్చుని తినాలి. మార్కులు వెయ్యడానికి కమిటీ అధ్యక్షురాలుగారు స్వయంగా కారులో వస్తారు. వంటకి కొన్ని మార్కులు, శుభ్రతకి కొన్ని, ఐకమత్యానికి అన్నిటికంటే ఎక్కువ.

చీట్లు తీస్తే నాకూ నా స్నేహితురాలికీ ఒకే జట్టు పడింది. బంతిపూల జట్టు. మేమిద్దరం ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ. వాళ్ళది గుడివాడ వైపు పెద్ద రైతు కుటుంబం. పిల్లల చదువుల కోసం భవానీపురంలో మా వీధి చివరే మేడ కట్టుకున్నారు. మేం క్రైస్తవులం, మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. ఆ పిల్ల లెక్కలు నేను కాపీ కొట్టేదాన్ని, నా ఇంగ్లీషు ఆ పిల్ల కాపీ కొట్టేది. ఇద్దరం కలిసి దెబ్బలు తినేవాళ్ళం. ఇంతకంటే స్నేహం ఏముంటుందని నా ఉద్దేశం.

మా అమ్మ ఉద్దేశం వేరు.

"ఆ పిల్ల మనింటికి ఇన్నిసార్లొచ్చింది కదా, ఏనాడన్నా గుక్కెడు మంచినీళ్ళు తాగిందా?" అంది ఒకరోజు.

"ఎందుకు తాగదూ!" అని గయ్యిమన్నాను. అన్నాక గుర్తు తెచ్చుకుందామని చూస్తే ఒక్కసారీ గుర్తు రాలేదు. అమ్మ ఏం ఇవ్వబోయినా "ఇప్పుడే తినొచ్చానండీ పిన్నిగారూ" అనేది. ఆ పిల్ల ఎప్పుడు మా గుమ్మం తొక్కినా అంతకు ఒక్క నిమిషం ముందే తిని ఉండేది. "వాళ్ళమ్మంటే దానికి భయం, అంతే" అన్నాను.

అమ్మ క్రిస్మస్ సంగతి ఎత్తింది. ఆ ఏడు మేం వాళ్ళింటికి అరిసెలు పంపాం, అమ్మ తన పేరు చెక్కించుకున్న కొత్త స్టీలు గిన్నెలో. మర్నాడు గిన్నె తళతళా తోమి, నిండా చక్రకేళీ అరటిపళ్ళు పెట్టి తిరిగి పంపారు. పాత్ర ఖాళీగా తిప్పి పంపడం మర్యాద కాదు కదా. ఆ ఒక్క పద్ధతీ మా వీధిలో కులం, మతం తేడా లేకుండా అందరూ పాటించేవారు. మూడో రోజు, రెండిళ్ళలోనూ పనిచేసే పనిమనిషి వచ్చి అమ్మతో, "అరిసెలు భలే ఉన్నాయండీ అమ్మగారూ, మొత్తం మాకే ఇచ్చేశారు" అని చెప్పింది. పెట్టింది నోట్లో పెట్టుకోకపోయినా పరవాలేదు, గిన్నె మాత్రం నిండుగా రావాలి. వాళ్ళు మర్యాదస్తులు.

నాకు కడుపు మండిపోయింది. "అదంతా వాళ్ళమ్మ పని. క్యాంపులో వాళ్ళమ్మ ఉండదుగా! నా చేత్తో నేనే వండుతా, అది తింటుంది, చూస్తూ ఉండు. ఈ గిన్నెలోనే కలిపి పెడతా. ఖాళీ గిన్నె తెచ్చి నీ ముందు పెడతా."

"తే. తెస్తే ఆ పిల్ల గురించి ఇంకెప్పుడూ నోరెత్తను" అంది అమ్మ, యూనిఫారానికి ఇస్త్రీ పెడుతూ.

అలా నేను దుప్పటీ, కంచం, మరచెంబుతో పాటు ఆ స్టీలు గిన్నె కూడా సంచీలో పెట్టుకుని క్యాంపుకి బయల్దేరాను. టీచరుగారికి ఐకమత్యం కావాలి. కమిటీవారికి ఫొటో కావాలి. నాకు ఒక్క మనిషి ఒక్క ముద్ద తింటే చాలు.

మంగళగిరిలో బస్సు దిగాక తోట దాకా కవాతు. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, తెల్ల కాన్వాసు బూట్లు వేసుకుని ముందు టీచరుగారు, వెనక మేం. "లెఫ్ట్, రైట్" అంటుంటే నేతవాళ్ళు మగ్గాలు ఆపి వాకిట్లోకొచ్చి చూశారు. ఒక ముసలాయన "ఎవరు పోయారమ్మా?" అని అడిగాడు. టీచరుగారు విజిలుతోనే సమాధానం చెప్పారు.

తోటలో డేరాలు వేయడానికే రెండు గంటలు పట్టింది. మాది రెండుసార్లు కూలింది. మధ్యాహ్నం ఎవరి క్యారేజీలు వాళ్ళు విప్పుకుని, ఎవరి చెట్టు కింద వాళ్ళు కూర్చుని తిన్నాం. కలిసి తినే కార్యక్రమం సాయంత్రానిది. టైంటేబుల్లో అలాగే ఉంది.

భోజనాలయ్యాక నమ్మకం ఆట. ఒకమ్మాయి కళ్ళకి రిబ్బను కట్టుకుని నిలబడాలి, విజిలు వినబడగానే కర్రలా వెనక్కి పడిపోవాలి, వెనకున్న అయిదుగురూ పట్టుకోవాలి. "పట్టుకుంటారా లేదా అన్న అనుమానమే రాకూడదు! అదర్రా నమ్మకమంటే!" అని టీచరుగారు అరిచారు. తాను మాత్రం పడి చూపించలేదు. మా జట్టులో పూజారిగారమ్మాయి మూడు విజిళ్ళకీ కదల్లేదు. నగల కొట్టువాళ్ళమ్మాయి పడుతున్నట్టే పడి మధ్యలో కూర్చుండిపోయింది.

నా స్నేహితురాలు అలా కాదు. విజిలు సగం మోగిందో లేదో, ధబాల్న వెనక్కి వచ్చేసింది. ఇంటి పాడి నెయ్యి మీద పెరిగిన మనిషి, మామూలు బరువా! మిగిలినవాళ్ళు కెవ్వున అరిచి పక్కకి తప్పుకున్నారు. రెండు చేతులూ చాపి పట్టుకున్నది నేనొక్కదాన్నే. ఇద్దరం కింద పడ్డాం, నా మోచేతులు చీరుకుపోయాయి, దాని తల మాత్రం నా అరచేతుల్లో భద్రంగా ఉంది. రిబ్బను పైకి జరుపుకుని నా మొహం చూసి, "నువ్వు పట్టుకుంటావని నాకు తెలుసే" అంది.

ఆ మాటకి నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మా, నీ పందెం పోయిందిక అనుకున్నాను.

సాయంత్రం వంట పంపకం. వంట నేను చేస్తానని చెయ్యెత్తాను. ఎవరూ కాదనలేదు. ఎవరూ అవునని కూడా అనలేదని తరవాత ఎప్పుడో తట్టింది. అన్నం, వంకాయ పులుసు పచ్చడి, ఇదీ నా పథకం. వంకాయలకి నూనె రాసి నిప్పుల మీద కాల్చి, తొక్క ఒలిచి, చింతపండు పులుసులో పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ ముక్కలు, కాస్త బెల్లం వేసి చేత్తో పిసకాలి. గరిటె పనికిరాదు, చెయ్యే పెట్టాలి. అమ్మ వంటల్లో నాకు సరిగ్గా వచ్చిందల్లా అదొక్కటే.

తీరా చూస్తే పొయ్యి అంటుకోదు. మాకిచ్చినవి పచ్చి కొమ్మలు. ఊదగా ఊదగా కళ్ళలోంచి నీళ్ళు, పొయ్యిలోంచి పొగ. టీచరుగారు వచ్చి "ఊదండర్రా, కలిసి ఊదండి!" అని తాను విజిలు ఊది వెళ్ళిపోయారు. నా జట్టువాళ్ళు పొగ పడదంటూ ఒక్కొక్కళ్ళే జారుకున్నారు.

అప్పుడొచ్చింది తోటకాపరి భార్య. తోట మూల తాటాకు గుడిసెలో ఉండేవాళ్ళు. పొద్దున మేం రాగానే నగల కొట్టువాళ్ళమ్మాయి ఆ గుడిసె వైపు చూపించి, "వాళ్ళు పొలాల్లో ఎలుకల్ని పట్టుకుని తింటారటే" అని చెప్పింది. అందరం ముక్కులు మూసుకుని ఛీ ఛీ అన్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

"పచ్చి కట్టెలతో ఎట్టా మండుద్దమ్మా? లెగు, పక్కకి జరుగు" అని నన్ను లేపి, తన పొయ్యిలోంచి పెంకు మీద నిప్పులు తెచ్చి, ఎండు మట్టలు విరిచి వేసి, రెండు ఊదులు ఊదింది. భగ్గుమంది. వంకాయ కాడ పట్టుకుని ఎలా తిప్పాలో చూపించింది. గిన్నె దగ్గరికొచ్చేసరికి మాత్రం వెనక్కి రెండడుగులేసి, "అది నువ్వే పెట్టుకో తల్లీ, నేను ముట్టుకోనులే" అంది. నేను మహా ఉదారంగా "ఫరవాలేదులే" అన్నాను. ముట్టుకోమని మాత్రం అనలేదు.

వేళ్ళు చుర్రుమంటున్నా తొక్కలు ఒలిచి, పిసికి, తాలింపు వేశాను. ఆ వాసనకి పక్క జట్టు వాళ్ళు మా డేరా చుట్టూ తిరిగారు. ఆరు విస్తళ్ళు వేసి నా జట్టుని పిలిచాను. అయిదుగురూ వచ్చి బుద్ధిగా చుట్టూ కూర్చున్నారు. నగల కొట్టువాళ్ళమ్మాయి విస్తట్లో వడ్డించబోయాను.

"నాకొద్దే. ఇవాళ శుక్రవారం కదా, లక్ష్మీదేవికి ఒక్కపొద్దు" అంది.

పక్క పిల్లకీ లక్ష్మీదేవే. ఆ పక్క పిల్లకి శనివారమట. "ఇవాళ శుక్రవారమేగా?" అంటే, "మా ఇంట్లో ముందు రాత్రి నుంచే మొదలుపెడతాం" అంది. పూజారిగారమ్మాయి మాత్రం ఏ దేవుణ్ణీ మధ్యలోకి లాగకుండా "మేం బయట తినమే" అని సూటిగా చెప్పేసింది. ఆ ఒక్క పిల్లంటే నాకు ఇవాళ్టికీ గౌరవం. మా తొమ్మిదో తరగతిలో ఇంత భక్తి ఉందని, అదీ ఒకే జట్టులో ఇంత పోగుపడిందని, ఆ సాయంత్రం దాకా నాకు తెలీదు.

ఆఖరికి నా స్నేహితురాలు. విస్తరి ముందు తలొంచుకుని పుల్లతో మట్టిలో గీతలు గీస్తోంది.

"నీకూనా?" అన్నాను.

"అమ్మ మొక్కుకుందే... పరీక్షలయ్యేదాకా శుక్రవారాలు..."

"మధ్యాహ్నం డబ్బా నిండా పులిహోర తిన్నావుగా!"

"ఒక్కపొద్దంటే ఒక పూట తినొచ్చుగా" అంది. లెక్కల్లో ఎప్పుడూ మంచి మార్కులే దానికి.

 ఇందాక నా చేతుల్లో కళ్ళు మూసుకుని పడ్డ మనిషి ఇదే. ఆ చేతులు తల పట్టుకోవడానికి పనికొచ్చాయి, వంకాయ పిసకడానికి పనికి రాలేదు. ఆ మాట మొహం మీదే అనేద్దామని నోరు తెరిచాను. అంతలో విజిలు మోగింది. అధ్యక్షురాలుగారు వచ్చేశారు.

జరీ అంచు చీర, నల్ల కళ్ళజోడు, వెనక కెమెరా మనిషి. ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చున్న అయిదుగురినీ చూసి, "ఏమ్మా, తినటం లేదేం?" అని అడిగారు. ఒక్కొక్కళ్ళూ ఉపవాసం సంగతి విన్నవించుకున్నారు. పూజారిగారమ్మాయి కూడా సమయానికి మనసు మార్చుకుని శుక్రవారంలో కలిసిపోయింది. దానిమీద గౌరవం ఇవాళ్టిదాకా ఉందన్నాను కదా, కొంచెం తగ్గించుకోండి. అధ్యక్షురాలుగారు పులకించిపోయారు. "చూశారా టీచరుగారూ! తాము పస్తుండి కూడా తోటి పిల్లని వదల్లేదు, చుట్టూ కూర్చుని తోడున్నారు! ఐకమత్యమంటే ఇదీ!" అన్నారు.

నేను ఊరుకోలేదు. కొత్త విస్తట్లో కాస్త అన్నం, పచ్చడి పెట్టి ఆవిడ ముందు పట్టుకున్నాను. "కొంచెం రుచి చూడండి, మేడమ్."

"అయ్యో తల్లీ, పొద్దుపోయాక నేనేమీ తీసుకోను. డాక్టరు వద్దన్నాడు. అయినా వాసనే చెప్తోందిగా" అని వంటకి కూడా పూర్తి మార్కులు వేసేశారు. పావుగంట తరవాత టీచరుగారి డేరాలో ఫ్లాస్కు కాఫీ తాగుతూ, ఇంటి నుంచి తెచ్చుకున్న చేగోడీలు కొరుకుతూ కనబడ్డారు. డాక్టరుకి చేగోడీల సంగతి గుర్తొచ్చి ఉండదు.

మొదటి బహుమతి బంతిపూల జట్టుకే. ఆరుగురికీ ఆరు ప్లాస్టిక్ సబ్బుపెట్టెలు, చప్పట్లు, ఒక ఫొటో. మిగిలిన వంట గోతిలో పారబోయమన్నారు టీచరుగారు. నాకు చేతులు రాలేదు. గిన్నె మీద మూత పెట్టి అన్నం తపేలా పక్కన, పొయ్యి దగ్గరే వదిలేశాను. నాకూ ముద్ద దిగలేదు.

డేరాలో లాంతరు ఆర్పగానే నాలుగు వైపుల నుంచీ కరకరమని శబ్దం. దుప్పట్ల కింద భక్తులు జంతికలు తింటున్నారు. నా స్నేహితురాలు చీకట్లోనే తడుముకుంటూ నా చేతిలో రెండు జంతికలు పెట్టి, "నీకు ఆకలేస్తుంటుంది, తినవే" అంది. కోపంతో విసిరికొట్టాల్సింది. ఆకలేసింది, తిన్నాను. వాళ్ళమ్మ చేతి జంతికలు బాగున్నాయి కూడా, అదీ నా ఖర్మ.

పొద్దున లేచి పొయ్యి దగ్గరికి వెళ్తే గిన్నె లేదు. అన్నం తపేలా ఖాళీ. నా గుండె ఒక్క గంతేసింది. రాత్రి అందరూ నిద్రపోయాక లేచి తిని ఉంటుంది! ఎవరూ చూడకుండా తిందామనే ఆగింది! పరుగెత్తుకెళ్ళి పళ్ళు తోముకుంటున్న నా స్నేహితురాలి భుజం పట్టుకుని, "తిన్నావు కదూ?" అన్నాను.

"ఏంటే?"

"పచ్చడి! గిన్నె ఖాళీ చేసింది నువ్వేగా!"

దాని మొహం పాలిపోయింది. దొంగతనం అంటగట్టినా అంత బెదిరి ఉండేది కాదు. "ఒట్టే! నేను ముట్టుకోనైనా లేదు. మా అమ్మ చెవిన పడిందంటే చంపేస్తుంది, అలా అనకే బాబూ" అని నా చేతిలో చెయ్యి వేసి ఒట్టేసింది.

ఆ ఒట్టుతో నాలుగేళ్ళ బెంచీ స్నేహం నాకు అర్థమైపోయింది.

తిరిగి పొయ్యి దగ్గరికొచ్చేసరికి తోటకాపరి భార్య నిలబడి ఉంది. చేతుల్లో నా గిన్నె, మూత పెట్టి.

"రాత్రి కుక్కలు మూతి పెడతాయని లోపల పెట్టానమ్మా. ఒక్కరూ తిన్నట్టు లేదు, ఎట్టాగూ పారబోత్తారు గదాని పిల్లలకి పెట్టా, నేనూ తిన్నా. ఏవనుకోమాక. ఏం పచ్చడి తల్లీ అది! మా చిన్నది గిన్నె నాకేసింది. ఒక్క రవ్వ ఉప్పు పడాల్సింది, అంతే" అంది.

మూత తీసి చూపించింది. గిన్నె అద్దంలా తోమి ఉంది. లోపల ఉడకబెట్టిన చిలకడదుంపలు, ఇంకా పొగలు కక్కుతున్నాయి.

"ఖాళీ గిన్నె ఇయ్యకూడదుగా. ఒకటి ఇక్కడే తిను. రాత్రి నువ్వూ తినలేదు, నేను చూశా."

నా వంట తిన్నవాళ్ళు ఆ తోట మొత్తం మీద ఆవిడా, ఆవిడ పిల్లలే. ఉప్పు తగ్గిందని చెప్పేటంత ఇష్టంగా తింది. నా కళ్ళు మాత్రం ఆవిడ గోళ్ళలో మసి మీదికి పోయాయి. ఆవిడ వెనక గుడిసె, గుడిసెలో మసిబారిన కుండ కనబడ్డాయి. ఆ కుండలో ముందు రోజు ఏం ఉడికిందో అనిపించింది. 

"నాకు ఉపవాసం" అంది నా నోరు. "మాకు శ్రమదినాలు."

శ్రమదినాలు నడుస్తున్న మాట నిజమే. ఈస్టరు ముందు ఆ నలభై రోజులూ మా ఇంట్లో మా అమ్మ కాఫీ మానేసేది, ఆ తలనొప్పి చిరాకు మేం భరించేవాళ్ళం. మా ఇంటి ఉపవాసం అంతవరకే.

ఆవిడ నా వంక చూసింది. తరవాత డేరాల వంక చూసింది.

"అందరికీ ఒక్కసారే వచ్చినయ్యే ఉపాసాలు!" అంది. వెక్కిరింపేమీ లేదు, మామూలుగానే అంది. "పోనీ ఇంటికి తీసకపో. ఉపాసం తీరినాక తిందువుగాని" అని మూత గట్టిగా నొక్కి నా చేతిలో పెట్టింది.

తిరుగు బస్సులో నా స్నేహితురాలు సబ్బుపెట్టె ఒళ్ళో పెట్టుకుని నా భుజం మీద వాలి నిద్రపోయింది. బస్సు బ్యారేజీ ఎక్కగానే అందరూ ఎప్పటిలాగే చిల్లర పైసలు తీసి, కిటికీల్లోంచి కృష్ణలో వేసి దణ్ణాలు పెట్టుకున్నారు. ఆ సందట్లో నేను మూత తీసి చిలకడదుంపలు ఒక్కొక్కటే నీళ్ళలోకి విసిరేశాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఎవరూ పట్టించుకోలేదు, చూసినవాళ్ళెవరైనా ఉంటే మొక్కేమో అనుకుని ఉంటారు. గిన్నె ఓణీ చెంగుతో తుడిచేశాను.

ఇంటికెళ్ళేసరికి అమ్మ నైట్ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చింది. గిన్నె తీసి ముందు పెట్టాను. మూత తీసి చూసి, "ఖాళీగానే తెచ్చావే! ఆ పిల్ల తిందా?" అంది.

అబద్ధం ఆడదామనుకున్నాను. నోటికి నిజమే వచ్చింది. "లేదు. తోటకాపరి భార్య తింది. వాళ్ళ పిల్లలు తిన్నారు."

అమ్మ గెలిచిందని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా మోచేతి గీరుడు చూసింది, గిన్నెని ఇటూ అటూ తిప్పింది.

"ఎంత బాగా తోమిందో చూడు. ఉత్త గిన్నే ఇచ్చిందా?"

"ఊఁ" అన్నాను.

"పోన్లే పాపం, పెట్టడానికి వాళ్ళ దగ్గర మాత్రం ఏముంటుంది" అంది అమ్మ.

అవునన్నాను.